బొగ్గు పట్టణంలో తల్లిపాలు

గోదావరిఖనిలో ఇంట్లో కాన్పు జరగడం ఇప్పుడు చాలా అరుదు. బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీ ఉద్యోగుల కుటుంబాలకు కంపెనీ ఏరియా ఆసుపత్రి ఉంది. మిగతావారికి ప్రభుత్వ ఆసుపత్రి, ప్రైవేటు నర్సింగ్ హోములు ఉన్నాయి. కేసు కష్టమైతే కరీంనగర్‌కు పంపుతారు. రాష్ట్రం మొత్తం మీద చూసినా, 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. అదే సర్వేలో, పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం నూటికి 37 మందే. దేశ సగటు 42 కంటే కూడా ఇది తక్కువ. డాక్టరూ నర్సూ పక్కనే ఉన్న చోట, పైసా ఖర్చు లేని ఈ ఒక్క పని ఎందుకు జరగడం లేదన్నది పట్టణాల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న.

తల్లులకు తెలియకపోవడం వల్లనేనన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. ఆసుపత్రి గోడల మీది పోస్టర్లూ, ఏటా ఆగస్టు మొదటి వారంలో జరిగే తల్లిపాల వారోత్సవ సభలూ చాలావరకు ఆ నమ్మకం మీదే నడుస్తాయి. లెక్కలు చూస్తే అది నిలబడదు. ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు తప్ప మరేమీ తాగనివారు దేశంలో 64 శాతం ఉంటే తెలంగాణలో 68 శాతం. మొదటి గంటలో వెనకబడిన రాష్ట్రమే ఆ తర్వాతి నెలల్లో దేశం కంటే ముందుంది. అంటే పాలివ్వాలన్న కోరిక తల్లికి ఉంది. కాన్పు గది, ఇల్లు, పనిచోటు ఆమెకు ఎంతవరకు వీలు కల్పిస్తున్నాయన్న దగ్గరే తేడా వస్తోంది. బొగ్గు పట్టణంలో ఈ మూడింటినీ దగ్గరగా చూడవచ్చు.

పట్టణం, తల్లులు

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1889 నాటికి అక్కడ తవ్వకం మొదలైంది. గోదావరి ఒడ్డున, గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతం బొగ్గు పటంలోకి చాలా ఆలస్యంగా, 1960లలో వచ్చింది. బాయిల (గనుల) వెంట కాలనీలు లేచాయి. తర్వాత ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం వచ్చింది, ఎరువుల కర్మాగారం వచ్చింది. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి 2021లో కొత్త రూపంలో మళ్లీ తెరుచుకుంది. 2011 జనాభా లెక్కల నాటికి రామగుండం నగరపాలక సంస్థలో దాదాపు 2 లక్షల 30 వేల మంది ఉన్నారు. సింగరేణి ఈ ప్రాంతాన్ని రామగుండం-1, 2, 3 ఏరియాలుగా నడుపుతుంది. యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ వంటి పేర్లు బాయిల నుంచీ కంపెనీ చరిత్ర నుంచీ పుట్టినవే.

ఇక్కడి తల్లులందరి పరిస్థితీ ఒకటి కాదు. పర్మినెంటు కార్మికుడి భార్యకు క్వార్టరు ఉంటుంది, నల్లా ఉంటుంది, కంపెనీ ఆసుపత్రిలో ఉచిత వైద్యం ఉంటుంది. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి ఎత్తే కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి భార్య బస్తీలో కిరాయి గదిలో ఉంటుంది. ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కుటుంబాల్లో పురుడు పోయడానికి అత్త గానీ అమ్మ గానీ దగ్గర ఉండరు. ఇక భర్త మరణం తర్వాతో, తండ్రి అనారోగ్యం వల్లనో కారుణ్య నియామకం కింద తానే మస్టరు వేసుకుని డ్యూటీ చేసే తల్లి ఉంది. తల్లిపాల గురించి ఈ నలుగురికీ ఒకే మాట చెప్పి ఊరుకోవడం ప్రచారకులకు సులువే గానీ తల్లులకు అక్కరకు రాదు.

పాలు ఊరే పద్ధతి

గర్భం చివరి నెలల్లోనే రొమ్ములో పాలు తయారయ్యే కణాలు సిద్ధమవుతాయి. అయినా పాలు పొంగి రావు, మాయ నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను అడ్డుపడుతుంది. కాన్పులో మాయ బయటపడగానే ఆ అడ్డు తొలగుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు పాలు నిండుగా పడతాయి. ఈలోగా వచ్చేవి చిక్కగా, పసుపు పచ్చగా, చెంచాల లెక్కన మాత్రమే ఉండే ముర్రుపాలు. మొదటి రోజు బిడ్డ కడుపుకు అంతే చాలు. వాటిలో ప్రతిరక్షకాలు, ముఖ్యంగా పేగు గోడకు కాపలా కాసే ఐజీఏ రకం, తర్వాతి పాలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పాలు ఇంకా పడలేదంటూ మూడు రోజులు డబ్బా పాలు పట్టే ఇళ్లలో బిడ్డకు తప్పిపోయేది సరిగ్గా ఇదే.

ఆ తర్వాత వ్యవహారం మొత్తం బిడ్డ నోటి మీద ఆధారపడుతుంది. బిడ్డ చప్పరించిన ప్రతిసారీ తల్లి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ తర్వాతి పూటకు పాలు తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ ఇప్పటికే ఉన్న పాలను ముందుకు నెట్టి చేపుకు తెస్తుంది. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కనుక రాత్రి పాలివ్వడం మానేస్తే పగటి పాలూ తగ్గుతాయి. ఆక్సిటోసిన్‌కు తల్లి మనసుతో నేరుగా సంబంధం ఉంది. నొప్పి, భయం, అవమానం దాన్ని కాసేపు ఆపేస్తాయి, బిడ్డ వాసన, ఏడుపు దాన్ని రప్పిస్తాయి. పాలు రాక ఏడుస్తున్న బాలింత మీద ఇంట్లోవాళ్లు కేకలేస్తే పాలు మరింత బిగుసుకోవడం వెనుక ఉన్న శరీర ధర్మం ఇదే. మూడో సంగతి, రొమ్ములో పాలు నిలిచిపోతే తయారీ దానంతటదే మందగిస్తుంది. ఖాళీ అయినకొద్దీ ఊరుతుంది. బిడ్డకు ఒక పూట డబ్బా పాలు పట్టినప్పుడు ఆ పూట తల్లి రొమ్ము ఖాళీ కాదు, మరునాడు పాలు కొంత తగ్గుతాయి, దాంతో ఇంకో పూట డబ్బా అవసరమవుతుంది. పాలు ఎండిపోవడమని జనం చెప్పుకునేది చాలాసార్లు ఈ వరుసలో జరిగేదే. దిష్టికి ఇందులో పాత్ర లేదు.

ఇదే ఆక్సిటోసిన్ గర్భసంచిని కుదించి కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి చూస్తే పాలిచ్చిన తల్లుల్లో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ముప్పు తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఈ పనిలో బిడ్డ ఒక్కడికే లాభమని అనుకోవడం సరికాదు.

మొదటి గంట, కోత కాన్పు

2006లో ఘనా దేశం నుంచి వెలువడిన ఒక అధ్యయనం, బిడ్డలందరికీ గంటలోపు తల్లిపాలు అందితే నెలలోపు మరణాల్లో 22 శాతం దాకా తప్పించవచ్చని లెక్క కట్టింది. మొదటి రోజులో అందితే 16 శాతం. కొద్ది గంటల తేడాకే అంత వ్యత్యాసం.

తెలంగాణలో ఆ గంట ఎక్కడ పోతోందో వెతికితే ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గరికి చేరతాం. ఐదో సర్వే నాటికి రాష్ట్రంలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇంతకు మించిన రాష్ట్రం లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81 శాతం దాటితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44 శాతం. రామగుండానికి పొరుగునే ఉన్న కరీంనగర్ జిల్లాలో మొత్తం కాన్పుల్లోనే ఈ సంఖ్య 80 శాతం దాటింది. ఆపరేషన్ ప్రాణాలు నిలిపిన సందర్భాలు లెక్కలేనన్ని. రాష్ట్రంలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉండగా 2018-20 నాటికి 43కు తగ్గడంలో ఆసుపత్రి కాన్పుల వాటా కాదనలేనిది. అయితే అవసరమైన ఆపరేషన్లు నూటికి పది పదిహేను ఉంటాయని వైద్యశాస్త్రం అంటున్న చోట అరవై జరుగుతుంటే, మిగిలినవాటికి వేరే కారణాలు వెతకాలి. నొప్పుల భయం, ఆసుపత్రి ఆదాయం, డాక్టరుకు వీలైన వేళ అందులో ఉన్నాయి. పంచాంగం చూపించి ముహూర్తానికి కోత పెట్టించుకునే అలవాటు వీటన్నిటికీ తోడైంది. నక్షత్రం మంచిదే కావచ్చు. ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాకముందే, నొప్పులు మొదలవకముందే బయటికి తీసిన బిడ్డకు ఆయాసం వచ్చి నవజాత శిశువుల వార్డుకు తరలిస్తే, తల్లి ఒక అంతస్తులో బిడ్డ ఇంకో అంతస్తులో ఉండిపోతారు.

సిజేరియన్ అయినంత మాత్రాన పాలివ్వలేరని కాదు. ఇప్పుడు చాలావరకు నడుముకు ఇచ్చే మత్తుతోనే ఆపరేషన్ చేస్తారు, తల్లి మెలకువగానే ఉంటుంది. కుట్లు వేస్తున్నప్పుడే బిడ్డను ఆమె ఛాతీ మీద పడుకోబెట్టవచ్చు. వార్డులోకి వచ్చాక కోత మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని, లేదా బిడ్డను చంక కింద పట్టుకుని పాలివ్వవచ్చు. పాలు నిండుగా పడడం ఒక రోజు ఆలస్యం కావచ్చు, అంతే. ఇవన్నీ జరగాలంటే థియేటరులో ఒక నర్సు ఆ పని మీదే ఉండాలి. అలా ఎవరూ లేనప్పుడు బిడ్డను గుడ్డలో చుట్టి బయట వేచి ఉన్న బంధువుల చేతికిస్తారు. వాళ్లు సంతోషం పట్టలేక తేనె నాకిస్తారు, చక్కెర నీళ్లు పోస్తారు. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే బీజాలు ఉండవచ్చు కనుక ఏడాది లోపు పిల్లలకు అసలు పెట్టకూడదు.

ఆసుపత్రి తన పద్ధతి మార్చుకుంటే ఏమవుతుందో బెలారస్‌లో తేలింది. 1996-97లో అక్కడ 31 ఆసుపత్రులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో సిబ్బందికి తల్లిపాలకు అనుకూలమైన పద్ధతులు నేర్పారు, రెండో గుంపు పాత పద్ధతిలోనే నడిచింది. మొత్తం 17 వేల తల్లీబిడ్డల జంటలను వెంబడించి చూస్తే, మూడో నెలలో కేవలం తల్లిపాల మీద ఉన్న పిల్లలు మొదటి గుంపులో 43 శాతం, రెండో గుంపులో 6 శాతం. రెండు గుంపుల్లోనూ తల్లులు ఒకే దేశపు ఆడవాళ్లు. మారింది సిబ్బంది పనితీరే. మన దగ్గర తల్లిపాలను ప్రోత్సహించడానికి 2016లో మొదలైన ‘మా’ కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే. కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో 2017లో నర్సులకు మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ ఇంకో దారి చూపించింది. నొప్పుల వేళ తల్లి చెయ్యి వదలని మనిషి ఒకరుంటే మామూలు కాన్పులు పెరుగుతాయి, మొదటి గంట దానంతటదే దక్కుతుంది. రామగుండంలో 2022లో వైద్య కళాశాల మొదలైంది. రేపటి డాక్టర్లు ఇక్కడి కాన్పు వార్డులోనే పని నేర్చుకుంటారు కాబట్టి వాళ్ల కళ్ల ముందు ఏ పద్ధతి నడుస్తోందన్నది చిన్న విషయం కాదు.

ఎండ, దుమ్ము, దాహం

రామగుండం ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. అలాంటి రోజుల్లో నాలుగు నెలల బిడ్డకు రెండు చెంచాల నీళ్లు పొయ్యకుండా ఉండమంటే ఏ అమ్మమ్మ మనసూ ఒప్పుకోదు. నిజానికి తల్లిపాలలో వందకు 88 వంతులు నీళ్లే. మనదేశంలోనూ ఇతర వేడి దేశాల్లోనూ నడివేసవిలో కేవలం తల్లిపాలు తాగే పిల్లల మూత్రాన్ని పరీక్షించి చూశారు, వారికి నీటి కొరత కనిపించలేదు. ఎండ పెరిగితే బిడ్డ ఎక్కువసార్లు, కొద్దికొద్దిగా తాగుతుంది. ప్రతిసారీ మొదట వచ్చే పలుచని పాలే దాహం తీరుస్తాయి. బయటి నీళ్లు పోస్తే రెండు నష్టాలు. చిన్న కడుపు నీళ్లతో నిండి పాలు తాగడం తగ్గుతుంది, నీళ్లతో పాటు విరేచనాలు తెచ్చే క్రిములూ వెళ్లవచ్చు. వేసవిలో ఇంట్లోవాళ్లు నీళ్లు పట్టవలసింది తల్లికి. పాలిచ్చే ప్రతిసారీ ఆమె చేతికి ఒక గ్లాసు నీళ్లో మజ్జిగో అందిస్తే సరిపోతుంది. ఆశ్చర్యం ఏమిటంటే చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. బాలింతకు నీళ్లు కట్టడి చేసి బిడ్డకు పోస్తారు.

బొగ్గు దుమ్ము సంగతి వేరు. ఆరేసిన బట్టల మీద నల్లటి పొర పేరుకునే బస్తీల్లో, తన పాలలోకి కూడా ఆ దుమ్ము చేరుతుందేమోనని తల్లులు అనుమానపడతారు. గాలిలోని సన్నని ధూళి గర్భిణి ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్ల తక్కువ బరువు బిడ్డలు, నెలలు నిండని కాన్పులు పెరుగుతాయన్నది పలు దేశాల్లో రుజువైంది. ఆ నష్టం ముఖ్యంగా కడుపులో ఉన్నప్పటిది. అలా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకే తల్లిపాల అవసరం మరీ ఎక్కువ. కాలుష్యం భయంతో డబ్బా పాలకు మారితే, బొగ్గు దుమ్ము పీల్చే ఆ ఊపిరితిత్తులకు న్యుమోనియా నుంచి ఉన్న రక్షణ కూడా పోతుంది. చేయగలిగిన పనులు చిన్నవి. బాయి నుంచి వచ్చిన మనిషి డ్యూటీ బట్టలు విప్పి స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోవడం, బొగ్గు పొయ్యి పొగలో బాలింతను కూర్చోబెట్టకపోవడం, బిడ్డ ఉన్న గదిలో బీడీ కాల్చకపోవడం.

పథ్యం, కల్లు, ఒక గుడ్డు

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీల ఆహారం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. అంటే దాదాపు ఒక పూట భోజనం ఎక్కువ. ఆ సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్ 1950లలోనే పేద తల్లుల పాలను పరీక్షించాడు. తిండి చాలని తల్లి పాలలో కూడా మాంసకృత్తులు దాదాపు మామూలుగానే ఉన్నాయని గమనించాడు. తల్లి శరీరం తనను కరిగించుకుని బిడ్డకు ఇస్తుందన్నమాట. విటమిన్ల విషయంలో ఆ ఔదార్యం ఉండదు. ఏ విటమిన్, బి1, బి12 తల్లి తినే తిండిలో తగ్గితే పాలలోనూ తగ్గుతాయి. కారం మెతుకులు, వెల్లుల్లి పొడి తప్ప ఇంకేదీ పెట్టని కఠిన పథ్యం బిడ్డకు కీడు చేసేది ఈ దారిలోనే. వెల్లుల్లి, నువ్వులు, మునగాకు, పప్పు పెడితే మంచిదే. పండ్లు జలుబు చేస్తాయని, గుడ్డు వేడి చేస్తుందని, నీళ్లు తాగితే పొట్ట జారుతుందని ఆపేయడంలోనే చిక్కు.

కల్లు తాగితే పాలు పడతాయన్న నమ్మకం తెలంగాణ పల్లెల నుంచి బాయి కాలనీలకూ వచ్చింది. మద్యం ఆక్సిటోసిన్‌ను అణచివేస్తుంది, కాబట్టి పాలు చేపుకు రావడం తగ్గుతుంది. చెట్టు నుంచి దించిన కల్లు దొరకడమే కష్టమైన పట్టణాల్లో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు పట్టుబడుతూనే ఉన్నాయి. ఇవి పాలలోకి చేరి బిడ్డను మగతలో పడేస్తాయి. మగతలో ఉన్న బిడ్డ రొమ్ము పట్టదు. ఏడవకుండా నిద్రపోతున్నాడని ఇంట్లోవాళ్లు సంతోషిస్తే అది ప్రమాదకరమైన సంతోషం.

2015 జనవరి నుంచి నడుస్తున్న ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో రోజూ అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట భోజనం పెడతారు. పథకం మంచిది. పురుడు పూర్తయ్యేదాకా గడప దాటని బాలింత దగ్గరికి మాత్రం ఆ భోజనం నడిచి రాదు. అత్యవసరమైన మొదటి వారాల్లోనే ఆమె దానికి దూరమవుతుంది.

“పాలు సాలుతలేవు”

డబ్బా పాలు మొదలుపెట్టిన ఇంట్లో కారణం అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఇదే. నిజంగా పాలు చాలని తల్లులు కొద్దిమంది ఉంటారు. మిగతా ఇళ్లలో బిడ్డ ఏడుపే ఆకలికి కొలబద్ద అవుతుంది. బిడ్డలు వేడికి ఏడుస్తారు, తడికి ఏడుస్తారు, ఎత్తుకోలేదని ఏడుస్తారు. మూడో వారంలోనూ ఆరో వారంలోనూ ఒక్కసారిగా గంటకోసారి పాలు అడుగుతారు. అది పాలు తగ్గినందుకు కాదు, రెండు రోజులు అలా తాగి తల్లి చేత ఎక్కువ పాలు తయారు చేయించుకుంటారు. నమ్మదగిన గుర్తులు రెండే. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోయడం, నెలనెలా బరువు పెరగడం. పుట్టిన మొదటి వారంలో కొంత బరువు తగ్గి రెండో వారానికల్లా తిరిగి రావడం సహజమని ముందే చెప్పకపోవడం వల్ల, ఆ తగ్గుదల చూసి భయపడి డబ్బా కొనే కుటుంబాలు ఉన్నాయి.

బిడ్డ రొమ్ము పట్టే తీరు తప్పితే చనుమొనలు పగిలి నొప్పి పుడుతుంది. మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనుకోవాలి. దీన్ని బొమ్మలో చూపిస్తే రాదు, పక్కన కూర్చుని చేత్తో సరిచేసేవారు కావాలి.

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోయే రెండు గదుల క్వార్టర్లో బిడ్డ ఏడుపు ఇంకో బరువు మోస్తుంది. ఏడుపు ఆపడానికి చేతికి దొరికే సులువైన సాధనం సీసా. ఈ ఇంటికి తల్లిపాల గొప్పదనం మీద ఉపన్యాసం పనికిరాదు. రెండో షిఫ్టు పడిన రోజుల్లో డ్యూటీకి వెళ్లే ముందు, పొద్దున రెండు గంటలు తండ్రి బిడ్డను ఎత్తుకుని బయట తిప్పితే, ఆ సమయంలో తల్లి పడుకుంటే, రాత్రి పాలివ్వడానికి ఆమెకు ఓపిక ఉంటుంది. షిఫ్టు పనిలో తండ్రి పగటిపూట ఇంట్లో దొరుకుతాడు. ఆఫీసు ఉద్యోగి ఇంట్లో ఈ వెసులుబాటు ఉండదు.

క్షయకు మందులు వాడుతున్న తల్లి కూడా పాలివ్వవచ్చు. హెచ్ఐవీ ఉన్న తల్లి క్రమం తప్పకుండా మందులు వేసుకుంటూ, బిడ్డకూ మందు వేస్తూ ఆరు నెలలు తన పాలే ఇవ్వవచ్చునని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల్లిపాలూ డబ్బా పాలూ కలిపి పట్టడమే ఆ బిడ్డకు అన్నిటికంటే చెడ్డది.

డ్యూటీకి వెళ్లే తల్లి

గనుల చట్టం 1952 నుంచి స్త్రీలను భూగర్భంలోకి దించడాన్ని నిషేధించింది. 2019లో కేంద్రం ఆ నిబంధనను సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో పగటివేళ భూగర్భానికి, ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టుకు కూడా షరతులతో అనుమతించింది. బొగ్గు ప్రాంతంలో తల్లిపాల ప్రశ్న ఇకమీదట డ్యూటీ చార్టులోకి కూడా వస్తుంది.

1961 ప్రసూతి ప్రయోజన చట్టం పరిధిలో గనులు మొదటి నుంచీ ఉండేవి. 2017 సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఆరు నెలల తల్లిపాలకు ఇది సరిగ్గా సరిపోతుందని అనిపిస్తుంది గానీ ఒక మెలిక ఉంది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఎండల్లో నిలబడి పనిచేసే గర్భిణి ఆ ఎనిమిది వారాలూ వాడుకుంటే, కాన్పు తర్వాత మిగిలేవి 18 వారాలు. బిడ్డకు నాలుగు నెలలు దాటగానే ఆమె డ్యూటీ ఎక్కాలి. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాల విరామాలు, 50 మంది పనిచేసే చోట పిల్లల గది, అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లి వచ్చే హక్కు ఉన్నాయి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ హక్కులు కొనసాగాయి. కాగితం మీది విరామం నిజం కావాలంటే బిడ్డ పనిచోటుకు దగ్గర ఉండాలి. ఇల్లు అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటే పావుగంట విరామం దారికే చాలదు.

అలాంటి తల్లికి ఉన్న దారి పాలు పిండి ఉంచడం. శుభ్రమైన చేతులతో, మూత ఉన్న స్టీలు గిన్నెలోకి పిండిన పాలు చల్లని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు నిల్వ ఉంటాయి. రామగుండం వేసవిలో గది చల్లగా ఉండదు కనుక ఫ్రిజ్ లేని ఇంట్లో ఈ లెక్క పనిచేయదు. పట్టేటప్పుడు సీసా వద్దు, పాతకాలపు ఉగ్గుగిన్నె మేలు. దాన్ని కడగడం తేలిక, బిడ్డ రొమ్ము పట్టడం మరిచిపోదు.

కాంట్రాక్టు కింద ఊడ్చే, మోసే స్త్రీలకు చట్టం వర్తించాలంటే కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసినట్టు రికార్డు ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా రికార్డు కొత్తగా మొదలయ్యే చోట ఆ 80 రోజులు చూపించడమే గండం. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లికి విడతలుగా 12 వేలు, ఆడబిడ్డ అయితే 13 వేలు ఇచ్చింది. పోయిన కూలీకి కొంతైనా బదులుగా డబ్బు ఇవ్వడం వల్ల పాలివ్వడం తల్లికి సాధ్యమవుతుందన్న ఆలోచన అందులో ఉంది.

ఇంటికి వచ్చే మనిషి

రామగుండానికి తూర్పున గోదావరి, ప్రాణహితలు దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ 1990లలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు నవజాత శిశువు సంరక్షణ నేర్పి ఇంటింటికీ పంపారు. నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించిన వారి అధ్యయనం చూపింది. ఈ రోజు ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావడం వెనుక ఆ ప్రయోగం ఉంది. హర్యానాలో అంగన్‌వాడీ, ఆరోగ్య కార్యకర్తల ద్వారా చేసిన ఇంకో ప్రయోగంలో మూడో నెలలో కేవలం తల్లిపాల మీద ఉన్న పిల్లలు 79 శాతం. ప్రయోగం జరగని పల్లెల్లో 48 శాతం.

పల్లెలో పుట్టిన ఈ పద్ధతి పట్టణంలో ఒక ఇబ్బంది పడుతుంది. తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి వెళ్తుంది. గర్భిణిగా గోదావరిఖని ఆశా రిజిస్టరులో ఉన్న మనిషి కాన్పు వేళకు మంథని వైపో సుల్తానాబాద్ వైపో ఉంటుంది, మూడో నెలలో తిరిగి వస్తుంది. ఆరు సందర్శనల్లో ఎన్ని ఎవరి లెక్కలో పడ్డాయో తేల్చడం కష్టం. కిరాయి గదులు మారే కాంట్రాక్టు కుటుంబాలు అసలు ఏ రిజిస్టరులోనూ చేరకుండా జారిపోతాయి. తెలుగు రాని తల్లికి బస్తీలో హిందీ, ఒడియా మాట్లాడే పక్కింటి ఆవిడే అసలైన ఆరోగ్య కార్యకర్త. పట్టణ ఆరోగ్య మిషన్ కింద ఏర్పడిన మహిళా ఆరోగ్య సమితుల్లో అలాంటివారిని చేర్చుకోవడానికి వీలుంది.

వీళ్లందరి మాటకూ ఎదురు నిలిచేది మార్కెట్. 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికీ ఆహారాలకీ, పాల సీసాలకూ ప్రకటనలు నిషిద్ధం. ఉచిత నమూనాలు పంచకూడదు, వైద్య సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు, పాలపొడి డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ ఉండకూడదు. నవ్వే పాపాయి బొమ్మ లేని డబ్బాను దుకాణంలో చూసినవారికి దాని వెనుక పోరాటం కనిపించదు. 1939లోనే సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు సింగపూరులో పాలడబ్బాల ప్రచారాన్ని హత్యతో పోల్చి మాట్లాడింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. మన చట్టం దానికంటే కొన్ని విషయాల్లో గట్టిది. అయినా డిశ్చార్జి చీటీ మీద మందులతో పాటు పాలపొడి పేరు రాసిస్తే ఏ ప్రకటనా అక్కర్లేదు.

ఆరు నెలల తర్వాత

తల్లిపాలలో ఇనుము కొద్దిగానే ఉంటుంది, ఉన్నది మాత్రం బాగా ఒంటబడుతుంది. మొదటి ఆరు నెలలకు కావలసిన ఇనుమును బిడ్డ పుట్టుకతోనే తెచ్చుకుంటుంది. బొడ్డుతాడును వెంటనే కత్తిరించకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం ఇంకొంత బిడ్డలోకి చేరి ఆ నిల్వ పెరుగుతుంది. తల్లికే రక్తం తక్కువైతే నిల్వ మొదట్లోనే తగ్గుతుంది. ఐదో సర్వే నాటికి తెలంగాణలో స్త్రీలలో 57 శాతానికి పైగా, ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం రక్తహీనతతో ఉన్నారు. పిల్లల్లో ఈ సంఖ్య అంతకు ముందు సర్వే కంటే పెరిగింది.

కాబట్టి ఆరు నెలలు నిండగానే పాలతో పాటు తిండి మొదలుకావాలి. ఆలస్యమైతే బిడ్డ ఎదుగుదల ఆగుతుంది, ముందే మొదలుపెడితే విరేచనాలు పట్టుకుంటాయి. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం పొడి, మెత్తగా పిసికిన పప్పన్నంలో చెంచా నెయ్యి, ఉడికించిన గుడ్డు, ఆకుకూర, ఇంట్లో వండితే మెత్తగా నలిపిన కాలేయం ముక్క, వీటితో పాటు ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము సిరప్. పలుచని గంజినీళ్లు, బిస్కెట్టు ముంచిన చాయ్ కడుపు నింపుతాయే గానీ బలం ఇవ్వవు, పైగా చాయ్ ఉన్న ఇనుమును కూడా ఒంటబట్టనివ్వదు. నీళ్లు కలిపిన బర్రెపాలు ఏడాది లోపు బిడ్డకు ప్రధాన ఆహారం కాకూడదు. వాటిలో ఇనుము దాదాపు ఉండదు, నీళ్లు కలిపినకొద్దీ శక్తి తగ్గుతుంది. తల్లిపాలు రెండేళ్లు, వీలైతే ఆపైన కూడా కొనసాగించవచ్చు. రెండో ఏట కూడా బిడ్డకు కావలసిన శక్తిలో మూడో వంతు దాకా వాటి నుంచే అందుతుంది.